ఒకరి తప్పు, ఇంకొకరి కూలి: పీకన్ ఒలిచిన ఆడవాళ్ల సమ్మె

శ్రీకాకుళం జిల్లా పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పు పొట్టు తీసే ఆడవాళ్లకు ఒక సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. పప్పు బల్ల మీదికి రాకముందే ఆ రోజు కూలి సగం తేలిపోయి ఉంటుంది. డొల్లతో ఉన్న జీడి పిక్కలకు ఆవిరి తక్కువ పట్టిందా, కొట్టేటప్పుడు డొల్లతో పాటు పప్పూ పగులుతుంది. ఎక్కువ పట్టిందా, పప్పు రంగు మారుతుంది. డ్రయ్యర్‌లో 70 డిగ్రీల దగ్గర ఆరేడు గంటలు ఉండాల్సిన పప్పును ముందే బయటికి తీస్తే పొట్టు వదలదు. చాకు మొనతో గీకాలి. గీకితే గాటు, గాటు పడితే గ్రేడు పోతుంది. మరీ ఎండితే వేలు ఆనగానే గుండు (విరగని నిండు పప్పు) కాస్తా బద్ద అయిపోతుంది. ఆవిరి పెట్టింది ఒకరు, ఆరబెట్టింది ఇంకొకరు. కిలోల లెక్కన కూలి తెగ్గోసేది మాత్రం బల్ల ముందు కూర్చున్నామెకు.

ఈ బాధ తెలిసినవాళ్లకు 1938లో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం, శాన్ ఆంటోనియో ఊళ్లో పీకన్ గింజలు ఒలిచే మెక్సికో మూలాల ఆడవాళ్లు చేసిన సమ్మె ఇట్టే అర్థమవుతుంది. మెక్సికో ఆడవాళ్ల పోరాటాలనగానే చాలామందికి కనిపించేది ఒకే బొమ్మ: ఛాతీ మీద అడ్డంగా తూటాల పట్టీలు, చేతిలో తుపాకీ, వెనక రైలు. ఆ బొమ్మ అబద్ధం కాదు. కానీ దాని దగ్గరే ఆగిపోతే అసలు బలం ఎక్కడిదో తెలియదు. నా లెక్కలో ఆ బలం త్రాసు దగ్గర, పొయ్యి దగ్గర ఉంది. ఎవరు తూచారు, ఎవరు వండారు, ఎవరు నీళ్లు మోశారు అన్న వైపు నుంచి చూస్తే 1910 నుంచి 1970 దాకా నడిచిన ఆ చరిత్ర మన జిల్లాలో ఏ పనిచేసే ఆడమనిషికైనా చుట్టరికంగానే కనిపిస్తుంది.

పీకన్ అంటే అక్రోటుకు దగ్గరి జాతి గింజ. డొల్ల పలచన, లోపలి పప్పు రెండు సగాలుగా ఉంటుంది, మధ్యలో చేదుగా ఉండే బెరడు లాంటి పొర. ముందు కాయల్ని నీళ్లతో తడుపుతారు, డొల్లా పప్పూ కొంచెం మెత్తబడాలని. తర్వాత కొట్టేవాళ్లు కొడతారు. ఆపైన ఒలిచేవాళ్లు డొల్ల ముక్కలు ఏరి, చేదు పొర పెరికి, సగాలు సగాలుగా, ముక్కలు ముక్కలుగా వేరు చేస్తారు. తడి చాలకపోతే కొట్టే దెబ్బకే పప్పు నుగ్గవుతుంది. సగానికి ఒక రేటు, ముక్కకు అంతకన్నా తక్కువ రేటు. మన గుండుకీ బద్దకీ ఉన్న తేడాయే. తడిపినవాడి తొందర, కొట్టినవాడి మొరటుతనం చివరికి ఒలిచేవాళ్ల జేబులోంచే పోయేది.

శాన్ ఆంటోనియోలో ఈ పని పడమటి పేటలో వందల కొద్దీ చిన్న షెడ్లలో నడిచేది. వ్యాపారంలో పెద్ద చెయ్యి సదరన్ పీకన్ షెల్లింగ్ కంపెనీది, దాని యజమాని జూలియస్ సెలిగ్మన్. కంపెనీకీ కూలీకీ మధ్య కాంట్రాక్టర్లు. కాయలు ఇచ్చేది కాంట్రాక్టరే, పప్పు తూచి తీసుకునేదీ కాంట్రాక్టరే. ఒలిచేవాళ్లలో ఎక్కువమంది మెక్సికో మూలాల ఆడవాళ్లు. వెలుతురు చాలదు, గాలి ఆడదు, లోపల మరుగుదొడ్డి లేదు, చేతులు కడుక్కునే తొట్టి లేదు. వారానికి చేతికొచ్చేది రెండు నుంచి మూడు డాలర్లు. ఆ దేశంలో అంతకన్నా తక్కువ కూలి ఇచ్చే పరిశ్రమలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మన దగ్గర ఒంటికి శత్రువు జీడి. డొల్లలోంచి వచ్చే ఆ నూనె చర్మాన్ని కాలుస్తుంది, నల్లటి మచ్చలు వేస్తుంది. పీకన్‌కు ఆ గుణం లేదు. అక్కడి శత్రువు గాలిలో లేచే సన్నని గోధుమరంగు పొడి. ఆ రోజుల్లో శాన్ ఆంటోనియోలో లక్ష మందికి 148 మంది క్షయతో చనిపోతుంటే, అమెరికా మొత్తం మీద సగటు 54. ఇరుకు ఇళ్లు, చాలని తిండి కూడా కారణాలే. కానీ షెడ్లలోని ఆ పొడికీ అందులో వాటా ఉందని అప్పట్లోనే చెప్పారు. జీడి మచ్చ కంటికి కనిపిస్తుంది కాబట్టి దాని గురించి మాట్లాడగలం. ఊపిరితిత్తుల్లో చేరింది కనిపించదు. కూలి రేటు అడిగినంత గట్టిగా గాలి సంగతి అడగడం ఎప్పుడూ కష్టమే.

1938 జనవరి చివర్లో రేటు కోశారు. అప్పటిదాకా పౌండు ముక్కలకు 6 సెంట్లు, పౌండు సగాలకు 7 సెంట్లు. దాన్ని 5, 6 చేశారు. కొట్టేవాళ్లకు వంద పౌండ్లకు 50 సెంట్లు ఉంటే 40 చేశారు. చూడ్డానికి ఒక్క సెంటు. ఇక్కడే లెక్క జాగ్రత్తగా వేసుకోవాలి, ఇది పలాసలోనూ పనికొచ్చే లెక్క. రేటు ఎంత శాతం తగ్గిందని యజమాని లెక్క చెబుతాడు. కూలీ వేసుకోవాల్సిన లెక్క వేరు: పాత డబ్బు చేతికి రావాలంటే ఇప్పుడు ఎంత ఎక్కువ ఒలవాలి? పాత రేటును కొత్త రేటుతో భాగిస్తే తెలుస్తుంది. 6ని 5తో భాగిస్తే 1.2. అంటే రేటు 17 శాతమే తగ్గింది, పని మాత్రం 20 శాతం పెరిగింది. డాలరు రావడానికి ముందు 16.7 పౌండ్ల ముక్కలు ఒలిస్తే చాలు, తర్వాత 20 పౌండ్లు ఒలవాలి. కొట్టేవాళ్ల విషయంలో రేటు 20 శాతం తగ్గితే పని 25 శాతం పెరిగింది. రేటు శాతమూ పని శాతమూ ఎప్పుడూ ఒకటి కావు, పని వైపు అంకె ఎప్పుడూ పెద్దదే. బేరం కాడికి ఏ అంకె పట్టుకెళ్తామన్న దాని మీద సగం మాట ఆధారపడి ఉంటుంది.

జనవరి 31న దాదాపు 12,000 మంది పని ఆపి బయటికి నడిచారు. పీకన్ కాపు అక్టోబరులో మొదలై డిసెంబరు దాకా దిగుతుంది. జనవరి చివరికి సరుకు గోదాముల్లో ఉంటుంది, ఒలిచే చేతులు లేకపోతే అది సరుకు కాదు, బస్తాల్లో కాయలే.

సమ్మె చేసినవాళ్లు నాయకురాలిగా ఎంచుకున్నది ఎమ్మా తెనయూకాను. 1916 డిసెంబరులో అదే ఊళ్లో పుట్టింది. అప్పటికి ఆమెకు 21 ఏళ్లు. చిన్నప్పుడు తాత చెయ్యి పట్టుకుని ఊరి మధ్య మైదానానికి వెళ్లేది. అక్కడ మెక్సికో విప్లవం గురించీ కూలి గురించీ జనం బహిరంగంగా మాట్లాడుకునేవాళ్లు. 1933లో చుట్టల ఫ్యాక్టరీ ఆడవాళ్లు సమ్మె చేస్తే వాళ్ల వెంట నిలబడి మొదటిసారి అరెస్టయింది. 1938కి ముందే నిరుద్యోగుల సంఘంలో పనిచేస్తూ ఆ పేటలో గడప గడపకీ తిరిగింది. అందుకే పన్నెండు వేల మంది ఒక్కసారిగా వీధిలోకి వచ్చినప్పుడు ఎవరిని పిలవాలో వాళ్లకు కొత్తగా వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. సమ్మె ఒక్కరోజులో పుట్టినట్టు కనిపిస్తుంది, నాలుగైదేళ్ల కాలినడక దాని వెనక ఉంటుంది.

వందల షెడ్లున్న చోట సమ్మె నిలబెట్టడం ఒక పెద్ద ఫ్యాక్టరీ ముందు నిలబెట్టడం లాంటిది కాదు. ఒక్క గేటు లేదు. ప్రతి వీధి మూలా కాయాలి, నాలుగు షెడ్లు తెరుచుకుంటే చాలు సరుకు అటు మళ్లుతుంది. కాబట్టి మనుషులు చిన్న చిన్న గుంపులుగా విడిపోక తప్పదు. విడిపోయిన గుంపును పట్టుకుపోవడం పోలీసులకు తేలిక. పోలీసు అధిపతి ఓవెన్ కిల్డే ఇది సమ్మె కాదు, కమ్యూనిస్టుల గలాటా అన్నాడు. నడిచే దారికి అడ్డం నిలబడ్డారని, శాంతికి భంగం కలిగించారని, అక్రమంగా గుమిగూడారని వందల మందిని జైల్లో కుక్కాడు. మొదటి రెండు వారాల్లోనే బాష్పవాయువు కనీసం ఆరుసార్లు వదిలారు.

ఇంకో పని చేశారు. సమ్మెలో ఉన్నవాళ్లకు ఉచితంగా అన్నం పెట్టే వంటశాలను నగర ఆరోగ్య నిబంధనల పేరు చెప్పి మూయించారు. లాఠీ కన్నా ఇది నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. వారానికి రెండు మూడు డాలర్లు తెచ్చుకునే ఇంట్లో దాచుకున్నది ఏముంటుంది? అన్ని రోజుల సమ్మె అంటే అన్ని రోజుల తిండి. సమ్మె ఎక్కడ విరుగుతుందో పోలీసులకు తెలుసు, అది పొయ్యి దగ్గర. ఎక్కడైనా పొయ్యి పెట్టదలిస్తే ఈ ముక్క గుర్తుంచుకోవాలి: ఒకే చోట వెయ్యి మందికి వండితే ఒక్క నోటీసుతో ఆరిపోతుంది. ఇరవై ఇళ్లలో యాభై మందికి చొప్పున వండితే నోటీసు ఎవరికిస్తారు?

సంఘంలోనూ చీలిక వచ్చింది. క్యానరీ, ప్యాకింగ్ కార్మికుల జాతీయ సంఘం రంగంలోకి దిగాక, ఎమ్మా కమ్యూనిస్టు అన్న ప్రచారం సమ్మెకు చేటు తెస్తుందని ఆమెను ముందు వరుస నుంచి తప్పించారు. ఆమె వెనక ఉండి పని చేస్తూనే పోయింది. జాతీయ సంఘం లెక్క నాకు అర్థమవుతుంది, కానీ అది తప్పు లెక్కే అనుకుంటాను. ఎమ్మాను తప్పించినా పోలీసులు ఆ మాట అనడం మానలేదు. 37 రోజుల తర్వాత, మార్చిలో, రెండు పక్షాలూ మధ్యవర్తుల తీర్పుకు ఒప్పుకున్నాయి. తర్వాత ఏమైందన్నది ఇంకో కథ, దాని దగ్గరికి చివర్లో వస్తాను.

ఎమ్మా తాత చెయ్యి పట్టుకుని విన్న ఆ విప్లవంలో (1910–1920) ఆడవాళ్ల పని ఏమిటో కూడా వంట వైపు నుంచే చూడాలి. ఆనాటి మెక్సికో సైన్యాలకు వంట బండ్లు, వంటవాళ్లు ఉండేవాళ్లు కాదు. సిపాయి చేతికి జీతం ఇచ్చేవాళ్లు, వండిపెట్టేది వెంట నడిచే ఆడది. వాళ్లనే సోల్దదేరాలు అన్నారు. దండు కన్నా ముందు వెళ్లి ఊళ్లో తిండి వెతికి, దండు చేరేసరికి పొయ్యి వెలిగించేవాళ్లు. రైలులో గుర్రాలు పెట్టెల లోపల, మనుషులు పైకప్పు మీద. పిల్లలూ, కుండలూ, రాతి సన్నికల్లూ అక్కడే. కొందరు తుపాకీ పట్టారు, కొందరు అధికారులూ అయ్యారు. కానీ తుపాకీ పట్టినవాళ్లకీ రాత్రికి రొట్టె కావాలి.

ఆ రొట్టె మన జొన్న రొట్టె అంత తేలిక కాదు. మొక్కజొన్న గింజను ముందు సున్నం నీళ్లలో ఉడికించాలి. విజయనగరం వైపు మొక్కజొన్న పండించేవాళ్లు చేసి చూడొచ్చు. ఎండిన గట్టి గింజ కావాలి, తీపి మొక్కజొన్న పనికిరాదు. కిలో గింజలకు 3 లీటర్ల నీళ్లు, 10 గ్రాముల తినే సున్నం. సన్న సెగ మీద ముప్పావు గంట ఉడికించి, మూత పెట్టి రాత్రంతా వదిలెయ్యాలి. పొద్దున రెండు వేళ్ల మధ్య నలిపితే పైపొర జారిపోవాలి. రెండు మూడు నీళ్లతో కడిగి, కొద్దికొద్దిగా తడి చల్లుతూ రుబ్బాలి. సున్నం తక్కువైతే పొర వదలదు. ఎక్కువైతే ముద్ద చేదెక్కి పసుపుపచ్చగా తిరుగుతుంది. ఉడుకు మించితే జిగురుగా అంటుకుపోతుంది. సున్నం లేకుండా రుబ్బితే ముద్ద కట్టదు, చేత్తో తడితే విరిగిపోతుంది. ఇంకో పెద్ద సంగతి, గింజలోని నియాసిన్ అనే విటమిన్ ఒంటికి పట్టేది ఈ సున్నం వల్లే. మొక్కజొన్నే ముఖ్యాహారమైన చోట ఈ పద్ధతి తెలియనివాళ్లకు పెలాగ్రా జబ్బు వచ్చింది. మర రాకముందు ఒక కుటుంబానికి సరిపడా రాతి మీద రుబ్బడానికే రోజులో గంటల తరబడి పట్టేది. దండు అర్ధరాత్రి కదిలితే నానుతున్న గింజల కుండ నెత్తి మీద కదలాలి. తెల్లారి యుద్ధం గెలిచారని రాసేవాళ్లు ఆ కుండ సంగతి రాయలేదు.

విప్లవం ముగిశాక ఈ ఆడవాళ్లకు దక్కింది చాలా తక్కువ. 1916 జనవరిలో యుకటాన్ రాష్ట్రం మెరిదా ఊళ్లో మహిళల మహాసభ జరిగింది. ఓటు కావాలని హెర్మిలా గలిందో లాంటివాళ్లు గట్టిగా అడిగారు. 1917 రాజ్యాంగం ఇవ్వలేదు. దేశమంతటా అన్ని ఎన్నికల్లో ఓటు వచ్చింది 1953 అక్టోబరులో. మనకు 1950లో రాజ్యాంగంతో పాటే వచ్చింది.

సరిహద్దుకు అమెరికా వైపు సంగతి వేరు. 1848లో మెక్సికో భూమిలో సగం దాకా అమెరికా చేతిలోకి పోయింది, మనుషులు ఉన్నచోటే ఉండి పరాయివాళ్లయ్యారు. వాళ్ల బిడ్డలూ, తర్వాత వలస వచ్చినవాళ్ల బిడ్డలూ 1960లలో తమను తాము చికానో అనీ, ఆడవాళ్లయితే చికానా అనీ గర్వంగా చెప్పుకోవడం మొదలుపెట్టారు. అంతకుముందే 1914లో టెక్సస్ లారెడో ఊళ్లో హోవితా ఇదార్ అనే పాత్రికేయురాలు, పత్రికను మూయించడానికి వచ్చిన రేంజర్లకు (టెక్సస్ రాష్ట్ర సాయుధ పోలీసులకు) అడ్డంగా గుమ్మంలో నిలబడింది. ఆ రోజుకు వెనక్కి పోయారు. ఆమె లేని వేళ చూసి మళ్లీ వచ్చి అచ్చు యంత్రాలు పగలగొట్టారు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం న్యూ మెక్సికోలోని హనోవర్ గని ఊరిది. ఎంపైర్ జింక్ కంపెనీ మీద 1950 అక్టోబరులో సమ్మె మొదలైంది. 1951 జూన్‌లో కోర్టు ఉత్తర్వు వచ్చింది: సంఘం సభ్యులు గని దారి కాయకూడదు. కాస్తే జైలు, మానుకుంటే ఓటమి. అప్పుడు భార్యలు ఆ ఉత్తర్వును అక్షరం అక్షరం చదివారు. అందులో ఉన్నది సభ్యుల మాట. మేం సభ్యులం కాదు కదా, మేం కాస్తాం అన్నారు. చాలామంది మగవాళ్లకు ఇది మింగుడు పడలేదు, సమావేశంలో గట్టిగా వాదులాడుకున్నాకే ఒప్పుకున్నారు. కొద్దిరోజులకే యాభై మందికి అటూ ఇటూగా ఆడవాళ్లను పట్టుకుపోయారు, కొందరి చంకలో పిల్లలు. వాళ్ల స్థానంలో వేరేవాళ్లు వచ్చి నిలబడ్డారు. దారి మాత్రం ఖాళీ కాలేదు, నెలల తరబడి.

ఇంట్లో మగవాళ్లు వంటా, ఉతుకుడూ చేయాల్సి వచ్చింది. మెక్సికో మూలాల కార్మికులకు కంపెనీ ఇచ్చిన ఇళ్లలో వేడినీళ్ల గొట్టాలు లేవు, తెల్లవాళ్ల ఇళ్లకు ఉన్నాయి. కట్టెలు చీల్చి, నీళ్లు కాచి, గని బట్టలు ఉతికితే గానీ ఆడవాళ్లు వేడినీళ్ల కోసం ఎందుకు పట్టుబడుతున్నారో మగవాళ్లకు తెలియలేదు. 1952 జనవరిలో సమ్మె ముగిసింది. ఆ తర్వాత ఆ ఇళ్లకు వేడినీళ్లు వచ్చాయి.

కట్టెలు అనగానే మందస గుర్తొస్తుంది. జమీందారు అడవిలో వంటచెరుకు తెచ్చుకునే హక్కు కోసం రైతులు కదిలినప్పుడు, వాళ్లను పట్టుకుపోతున్న పోలీసులకు అడ్డం వెళ్లి, గుడారి రాజమణిపురంలో సాసుమాన గున్నమ్మ కాల్పుల్లో చనిపోయింది. 1940 ఏప్రిల్ 1. అప్పటికి ఆమె గర్భవతి. శాన్ ఆంటోనియో సమ్మెకు రెండేళ్ల తర్వాత. పొయ్యిలోకి కట్టె రాజకీయం కాదనుకునేవాళ్లు ఆ ఊరికి ఒకసారి వెళ్లి రావాలి.

హనోవర్ ఆడవాళ్ల తెలివి పదిహేనేళ్ల తర్వాత కాలిఫోర్నియా ద్రాక్షతోటల్లో ఇంకో రూపంలో కనిపిస్తుంది. అమెరికా కార్మిక చట్టం పొలం కూలీలను లెక్కలోకే తీసుకోలేదు. సంఘం పెట్టుకునే రక్షణ వాళ్లకు లేదు. అయితే ఆ చట్టంలోనే, కార్మికుల సంఘాలు మూడోవాడి దుకాణం మీద బహిష్కరణ పెట్టకూడదన్న నిషేధం కూడా ఉంది. చట్టంలో చోటు లేనివాళ్లకు ఆ నిషేధమూ వర్తించదు. 1965 సెప్టెంబరులో ఫిలిప్పీన్స్ కూలీలు మొదలుపెట్టిన సమ్మెలో మెక్సికో కూలీలు కలిశాక, పొలం కూలీల సంఘం నాయకురాలు డొలొరెస్ ఉయెర్తా లాంటివాళ్లు న్యూయార్క్ దాకా వెళ్లి ద్రాక్ష కొనవద్దని దుకాణాల ముందు నిలబడగలిగింది అందుకే. 1970 జులైలో తోటల యజమానులు సంతకాలు పెట్టారు. ఆ ఒప్పందాల బేరంలో ముందు కూర్చున్నది ఉయెర్తాయే. కూలితో పాటు పొలంలో తాగునీళ్లు, మరుగుదొడ్డి, పురుగుమందుల మీద కట్టడి కూడా రాయించారు. పీకన్ షెడ్లలో లేనివి కొన్ని ముప్పై రెండేళ్లకు పొలంలోకి వచ్చాయన్నమాట.

ఇక శాన్ ఆంటోనియోలో తర్వాత ఏమైందంటే: 1938 అక్టోబరులో కనీస వేతన చట్టం అమల్లోకి వచ్చింది, గంటకు 25 సెంట్లు. వారానికి 44 గంటలు పనిచేస్తే 11 డాలర్లు. అంతకుముందు చేతికొచ్చింది రెండో మూడో. యజమానులు అంత ఇచ్చే బదులు యంత్రాలు దించారు. ఆ యంత్రాలు కొత్తవేం కావు, ఇరవైలలో చేతిపని యంత్రం కన్నా చవకని పక్కన పెట్టినవే. మూడేళ్లలో పదివేల మందికి పైగా బల్ల ముందు నుంచి లేచిపోయారు. ఎమ్మాకు ఆ ఊళ్లో పని దొరకలేదు. 1939 ఆగస్టులో ఆమె సభ మీద వేలమంది గుంపు రాళ్లతో విరుచుకుపడింది, ఆ తర్వాత ఊరు వదిలింది. చాలా ఏళ్ల తర్వాత తిరిగొచ్చి బడిలో పిల్లలకు చదువు చెప్పింది. 1999లో చనిపోయింది.

సమ్మె వల్లే పని పోయిందనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. యంత్రం గోదాములో ఎప్పుడూ ఉంది, దాన్ని ఆపింది కూలి చవకదనం ఒక్కటే. పలాసలో కటింగ్ యంత్రాలు ఇప్పటికే షెడ్లలో తిరుగుతున్నాయి. పొట్టు తీయడంలో, గ్రేడు చూడటంలో ఇంకా వేళ్ల పని ఉంది. రేటు ఒప్పందం రాసుకునే ఏడాది కాగితంలో కిలో రేటుతో పాటు ఇంకో మూడు వరుసలు ఉండాలి. ఆరబెట్టడంలో తేడా వచ్చిన పప్పుకు గుండు రేటే కట్టాలి. తూచేటప్పుడు కూలీల తరఫున ఒకరు త్రాసు పక్కన ఉండాలి. కొత్త యంత్రం దించితే ఎన్ని నెలల ముందు చెప్పాలో, ఆ బల్లల వాళ్లకు లోపల ఏ పని ఇవ్వాలో అంకెతో సహా రాయాలి.